లోడరు అమర్చిన పాత ట్రాక్టరు మూల్యాంకనం: గౌడవెల్లి పరిసరాల దృష్ట్యా ఒక పరిశీలన

సారాంశం

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో పాడి, కోళ్ల పెంపకం, కూరగాయల సాగు కలిసి ఉన్న కమతాలకు ముందు లోడరు అమర్చిన పాత ట్రాక్టరు ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అయితే మామూలు ట్రాక్టరును పరీక్షించే పద్ధతి దీనికి సరిపోదు. లోడరు వల్ల ముందు ఇరుసుపై పడే భారం, వెనుక చక్రాలపై తగ్గే బరువు, పక్కకు ఒరిగే ప్రమాదం, హైడ్రాలిక్ వ్యవస్థ స్థితి, ఏడాదికి దొరికే పని గంటలు అనే అంశాలను లెక్కల సహాయంతో అంచనా వేసే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. లెక్కల్లో వాడిన బరువులు, ధరలు ఉదాహరణ కోసం తీసుకున్నవి. క్షేత్రస్థాయిలో వాటి స్థానంలో స్థానిక అంకెలను వేసుకోవాలి.

కీలక పదాలు: పాత ట్రాక్టరు, ముందు లోడరు, స్థిరత్వం, హైడ్రాలిక్ పరీక్ష, సమవ్యయ గంటలు

నేపథ్యం

గౌడవెల్లి మేడ్చల్ మండలంలోని గ్రామం. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ వెళ్లే రైలుమార్గంలో దీనికి స్టేషన్ ఉంది. 2016 అక్టోబరులో రంగారెడ్డి జిల్లా నుంచి విడివడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి ఈ గ్రామం వచ్చింది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఒకప్పుడు అనాబ్-ఇ-షాహీ ద్రాక్ష తోటలకు పేరుపొందాయి. నగరం విస్తరించడంతో ఆ తోటలు చాలావరకు తగ్గిపోయాయి. ఇప్పుడు మిగిలిన సాగు భూముల పక్కనే వెంచర్లు, ఫాంహౌసులు, గోదాములు ఉన్నాయి. ఎర్ర చల్కా నేలలు, మధ్యలో గుండ్లు, పరుపుబండలు ఇక్కడి భూమి స్వభావం.

ఈ పరిస్థితి పాత ట్రాక్టర్ల విపణిని కూడా మార్చింది. కూలీలు నిర్మాణ పనుల వైపు వెళ్లడంతో పేడ, కోళ్ల ఎరువు ఎత్తిపోసే పనికి మనుషులు దొరకడం కష్టమైంది. అందుకే లోడరుపై రైతుకు ఆసక్తి పెరిగింది. మరోవైపు నగర శివారులో అమ్మకానికి వచ్చే ట్రాక్టరు తన జీవితంలో ఎంతకాలం పొలంలో ఉంది, ఎంతకాలం నీళ్ల ట్యాంకరు లాగింది, ఎంతకాలం మట్టి మోసింది అన్నది చూపుతో తేలే విషయం కాదు. విస్తరణ శాస్త్రవేత్తను రైతు అడిగే మొదటి ప్రశ్న "ఇంజను ఎట్లుంది?" అనే. లోడరు ట్రాక్టరు విషయంలో అది చివరగా అడగవలసిన ప్రశ్నల్లో ఒకటి. ఇంజను బాగుచేయడానికి ఎంతవుతుందో మెకానిక్ చెప్పగలడు. పగిలిన క్లచ్ హౌసింగ్, వంగిన ముందు ఇరుసు, పక్కకు పడిన ట్రాక్టరు వేరే స్థాయి నష్టాలు.

కొనుగోలుదారు పక్షాన పరీక్ష జరగాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో నాసిరకం ట్రాక్టరు కొని దెబ్బతిన్న విల్మాట్ క్రోజియర్ అనే రైతు శాసనసభ్యుడైన తరువాత, 1919లో ట్రాక్టర్ల పరీక్షను తప్పనిసరి చేసే చట్టం తెచ్చాడు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్ర వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత సంస్థ ఉంది. కొత్త నమూనాకు ఇచ్చిన ఆ నివేదిక పాత ట్రాక్టరు ప్రస్తుత స్థితిని చెప్పదు. అయితే ఆ నమూనా బరువు ఎంత, అది ముందు వెనుక ఇరుసులపై ఎలా పంపిణీ అయింది, చక్రాల మధ్య దూరం ఎంత అనే అంకెలు అందులో ఉంటాయి. కింది లెక్కలకు కావలసినవి సరిగ్గా అవే.

పని ఎన్ని గంటలు?

యంత్రాన్ని చూడటానికి వెళ్లే ముందే ఒక లెక్క పూర్తి కావాలి. ఉదాహరణకు పాత ట్రాక్టరు, లోడరు కలిపి 3,20,000 రూపాయలు, వెంటనే చేయవలసిన మరమ్మతులు 80,000 రూపాయలు అనుకుందాం. మొత్తం పెట్టుబడి 4,00,000. అయిదేళ్ల తరువాత 1,60,000 రూపాయలకు అమ్మగలిగితే ఏటా తరుగుదల 48,000 రూపాయలు. సగటు పెట్టుబడి 2,80,000పై 12 శాతం వడ్డీ 33,600 రూపాయలు. బీమా, నిలిపే చోటు వంటి ఖర్చులు 12,000 రూపాయలు. ట్రాక్టరు ఒక్క గంట నడవకపోయినా ఏడాదికి అయ్యే స్థిర వ్యయం 93,600 రూపాయలు.

నడిచే ప్రతి గంటకు డీజిల్ 3.5 లీటర్లు, లీటరు 96 రూపాయల లెక్కన 336 రూపాయలు. మరమ్మతులు, ఆయిలుకు 120 రూపాయలు. డ్రైవరుకు 125 రూపాయలు. మొత్తం 581 రూపాయలు. అదే పనికి అద్దె యంత్రం గంటకు 1,000 రూపాయలైతే సొంత ట్రాక్టరుతో గంటకు మిగిలేది 419 రూపాయలు. 93,600ను 419తో భాగిస్తే 223 గంటలు వస్తుంది. ఏడాదికి అంతకంటే తక్కువ పని ఉంటే అద్దెకు తెచ్చుకోవడమే చవక.

ఇప్పుడు లోడరు పని ఎంతుందో చూడాలి. పెద్ద పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. 20 పశువుల కొట్టంలో రోజుకు గరిష్ఠంగా 400 కిలోలు, ఏడాదికి 146 టన్నులు. గుడ్ల కోడి రోజుకు సుమారు 100 గ్రాముల పచ్చి రెట్ట వేస్తుందనుకుంటే, 10,000 కోళ్ల షెడ్డులో ఏడాదికి 365 టన్నులు. ఆరిన తరువాత బరువు బాగా తగ్గుతుంది కాబట్టి ఇది పై అంచనా. బకెట్‌కు 400 కిలోల చొప్పున రెండు నిమిషాలకు ఒక బకెట్ నింపి పోస్తే గంటకు 12 టన్నులు ఎత్తవచ్చు. అంటే పశువుల పేడకు 12 గంటలు, కోళ్ల ఎరువుకు 30 గంటలు. రెండూ ఉన్న రైతుకు కూడా ఏడాదికి 42 గంటల లోడరు పని మాత్రమే.

మిగిలిన 180 గంటలు రోటవేటరు, కల్టివేటరు, ట్రాలీ పనుల నుంచి రావాలి. అప్పుడు మరో ప్రశ్న ఎదురవుతుంది: ఆ పనులప్పుడు లోడరును విప్పి పక్కన పెట్టగలరా? నాలుగు పిన్నులు, రెండు గొట్టాలు తీస్తే ఊడివచ్చే లోడరు ఒక రకం. సబ్‌ఫ్రేముకు వెల్డింగ్ చేసిన లోడరు మరో రకం. రెండోదాన్ని కొన్న రైతు ఏడాదిలో 42 గంటల పని కోసం మిగతా గంటలన్నీ వందల కిలోల ఇనుమును ముందు ఇరుసుపై మోయిస్తాడు. మలుపులో చోటు చాలదు, పందిరి తోటలోకి ట్రాక్టరు పోదు. ధర బేరమాడే ముందు లోడరును ఒకసారి విప్పించి చూపమని అడగడం మంచిది. అమ్మేవారు ఇష్టపడకపోతే కారణం సాధారణంగా అక్కడే కనిపిస్తుంది.

ధర విషయంలో ఒక హెచ్చరిక. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 6,00,000 రూపాయల ట్రాక్టరుపై ఇది 42,000 రూపాయల తేడా. ఆ తేదీకి ముందున్న కొత్త ధరతో పోల్చి చెప్పే పాత ట్రాక్టరు ధరను అంగీకరించనవసరం లేదు.

గత చరిత్రను చదవడం

కేబుల్‌తో పనిచేసే పాత అవర్ మీటరు నిజానికి గడియారం కాదు. అది ఇంజను తిరిగిన చుట్లను లెక్కించి గంటలుగా చూపుతుంది. మీటరును 1,500 చుట్ల వేగానికి అమర్చి ఉంటే, సగటున 1,000 చుట్లతో నడిచిన మూడు గంటలను అది రెండు గంటలుగానే నమోదు చేస్తుంది. లోడరు ట్రాక్టరు ఎక్కువసేపు తక్కువ వేగంలో, ట్రాలీ కోసం ఎదురుచూస్తూ నడుస్తుంది. మీటరు 3,000 గంటలు చూపితే అసలు నడక 4,500 గంటలు ఉండవచ్చు. మీటరు పనిచేయకపోతే, లేదా కొత్తది బిగించి ఉంటే, ఈ ఆధారం కూడా లేనట్టే. అప్పుడు క్లచ్, బ్రేకు పెడళ్ల అరుగుదల, స్టీరింగు చక్రం నునుపు, లోయర్ లింకుల రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిన తీరు ఎక్కువ నిజం చెబుతాయి.

దమ్ము చేసిన ట్రాక్టరును గుర్తించడం ముఖ్యం. ఇనుప చక్రాలతో బురదలో నడిచిన ట్రాక్టరులో వెనుక ఇరుసు ఆయిల్ సీళ్లు దాటి నీరు లోపలికి పోతుంది. గేర్‌బాక్సు ఆయిలు పాలు కలిపిన తేనీరు రంగులో ఉంటే అదే కారణం. కొత్త ఆయిలు పోసి ఉంటే రంగు తెలియదు కనుక కింది డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి మొదట వచ్చే చుక్కలను గాజు సీసాలో పట్టి ఒక రాత్రి నిలిపి చూడాలి. ముందు చక్రాల హబ్ బేరింగులకు కూడా ఇదే బురద చేరుతుంది. తరువాత లోడరు బరువు పడేది ఆ బేరింగుల పైనే.

చల్కా నేల దుమ్ములో ఇసుక రేణువులు ఎక్కువ. ఆయిల్ బాత్ రకం గాలి వడపోత ఉన్న ట్రాక్టరులో గిన్నె తీసి అడుగున చేరిన మట్టి మందాన్ని చూస్తే యజమాని నిర్వహణ అర్థమవుతుంది. వడపోత దాటి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం లోపలి గోడపై వేలు పెడితే దుమ్ము అంటుకోరాదు.

ముందు ఇరుసు, స్థిరత్వం

మన ప్రాంతంలో దొరికే పాత ట్రాక్టర్లలో అత్యధిక భాగం వెనుక చక్రాలతో మాత్రమే లాగేవి. వాటి ముందు ఇరుసు దారి చూపడానికి, ట్రాక్టరు ముందు భాగాన్ని మోయడానికి తయారైంది. దానిపై లోడరు వేస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు.

ట్రాక్టరు బరువు 1,900 కిలోలు, చక్రాల మధ్య దూరం 1.9 మీటర్లు, బరువులో 40 శాతం ముందు ఇరుసుపై అనుకుందాం. ముందు 760, వెనుక 1,140 కిలోలు. లోడరు బరువు 400 కిలోలు, దాని భారకేంద్రం ముందు ఇరుసుకు 0.5 మీటరు ముందు. బకెట్‌లో ఎరువు 500 కిలోలు, ముందు ఇరుసుకు 1.4 మీటర్ల ముందు. ముందు ఇరుసు చుట్టూ భ్రామకాలు తీసుకుంటే, వెనుక చక్రాలపై తగ్గే బరువు:

(400 × 0.5 + 500 × 1.4) ÷ 1.9 = 474 కిలోలు

వెనుక మిగిలేది 666 కిలోలు. మొత్తం బరువు 2,800 కిలోలు కనుక ముందు ఇరుసుపై 2,134 కిలోలు. మొదటి 760తో పోలిస్తే ఇది 2.8 రెట్లు. నిలిచి ఉన్నప్పటి అంకె ఇది. గతుకులో పడినప్పుడు, బకెట్‌ను హఠాత్తుగా ఆపినప్పుడు క్షణకాలం ఇంకా పెరుగుతుంది. ముందు టైరు పక్కన ముద్రించిన భార సామర్థ్యంతో దీన్ని పోల్చి చూడమని విద్యార్థికి చెప్పాలి. చాలాసార్లు టైరే మొదట సరిపోదని తేలుతుంది.

రెండో సంగతి బ్రేకులు. ఈ ట్రాక్టర్లలో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. వెనుక బరువు 1,140 నుంచి 666కు పడిపోయి, ఆపవలసిన మొత్తం బరువు 1,900 నుంచి 2,800కు పెరిగింది. చెరువు కట్ట మీద నుంచి నిండు బకెట్‌తో దిగే ట్రాక్టరు బ్రేకు వేసినా జారిపోవడానికి కారణం బ్రేకు లైనింగు కాకపోవచ్చు.

మూడోది అంతగా తెలియనిది. ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్నుపై ఊగుతుంది. కాబట్టి ట్రాక్టరు నిజంగా నాలుగు కాళ్లపై కాక, రెండు వెనుక చక్రాలు, ముందు పిన్ను కలిసిన త్రిభుజంపై నిలబడుతుంది. భారకేంద్రం ముందుకు జరిగేకొద్దీ త్రిభుజం సన్నబడే కొస వైపు పోతుంది. వెనుక చక్రాల మధ్య వెడల్పు 1.35 మీటర్లు అయితే, ఖాళీ ట్రాక్టరు భారకేంద్రం నుంచి త్రిభుజం అంచుకు దూరం 0.675 × 0.60, అంటే 40 సెంటీమీటర్లు. నిండు బకెట్‌తో వెనుక బరువు వాటా 24 శాతానికి తగ్గినందున ఆ దూరం 16 సెంటీమీటర్లు. భారకేంద్రం 0.8 మీటరు ఎత్తున ఉందనుకుని, పిన్ను ఎత్తును లెక్కలోకి తీసుకోకుండా స్థూలంగా చూస్తే, ట్రాక్టరు పక్కకు ఒరగడం మొదలయ్యే వాలు 27 డిగ్రీల నుంచి 11 డిగ్రీలకు పడిపోతుంది. బకెట్ పైకెత్తితే భారకేంద్రం కూడా పైకి పోతుంది, ఆ 11 డిగ్రీలు కూడా మిగలవు. పొలం గట్టు ఎక్కే ఒక వెనుక చక్రం చాలు.

విరుగుడు వెనుక బరువు. మూడు బిందువుల లింకేజీకి వెనుక ఇరుసుకు 0.9 మీటరు దూరంలో 400 కిలోల కాంక్రీటు దిమ్మె తగిలిస్తే వెనుక భారం 590 కిలోలు పెరిగి 1,256 అవుతుంది. ముందు భారం 190 కిలోలు తగ్గి 1,944కు వస్తుంది. వెనుక వాటా 39 శాతం, త్రిభుజం అంచుకు దూరం 26 సెంటీమీటర్లు, ఒరిగే వాలు 18 డిగ్రీలు. దిమ్మె ఒరగడాన్ని బాగా అడ్డుకుంటుంది గానీ ముందు ఇరుసును కొద్దిగానే ఆదుకుంటుందని ఈ అంకెలు చెబుతున్నాయి. అమ్మకానికి పెట్టిన ట్రాక్టరుతో పాటు వెనుక దిమ్మె లేకపోతే, అది ఇన్నాళ్లూ దిమ్మె లేకుండానే పనిచేసిందని భావించి ముందు భాగాన్ని మరింత కఠినంగా పరీక్షించాలి.

పరీక్ష ఇలా చేయాలి. బకెట్‌ను నేలపై పెట్టి, జాకీతో ముందు ఇరుసును లేపి, దిమ్మలు పెట్టిన తరువాత చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపాలి. కదలిక హబ్ దగ్గరైతే బేరింగు, స్టబ్ ఇరుసు దగ్గరైతే కింగ్ పిన్ బుష్‌లు. గడ్డపారతో మధ్య పిన్ను దగ్గర ఎత్తి చూస్తే అక్కడి అరుగుదల తెలుస్తుంది. తరువాత క్లచ్ హౌసింగ్. ఈ ట్రాక్టర్లకు వేరే చాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్సు బోల్టులతో కలిసి అదే వెన్నెముక అవుతుంది. లోడరు సబ్‌ఫ్రేము వెనుక ఇరుసు వరకు పోయి ఉంటే భారాన్ని అది పంచుకుంటుంది. ఇంజను పక్కన ఆగిపోయి ఉంటే ప్రతి బకెట్ బరువూ ఇంజను, హౌసింగ్ అతుకును వంచుతుంది. ఆ అతుకు దగ్గర ఆయిలు చెమ్మ, కొత్తగా బిగించిన బోల్టులు, ఒక్కచోట మాత్రమే వేసిన తాజా రంగు అనుమానించదగినవి. రంగు గీకి డై పెనెట్రెంట్ ద్రవం పూస్తే కంటికి కనిపించని పగులు బయటపడుతుంది. పోత ఇనుప హౌసింగ్‌పై వెల్డింగ్ గుర్తు కనిపిస్తే బేరం అక్కడితో ముగించాలి.

లోడరు చేతులు మెలిపడ్డాయో లేదో తెలుసుకోవడానికి చదునైన సిమెంటు నేలపై బకెట్‌ను మెల్లగా దించాలి. ఒక మూల తగిలి రెండో మూల లేచి ఉంటే ఎప్పుడో గుండు కింద ఒక మూలతో పెకిలించారని అర్థం. గుండ్లు ఉన్న ఈ నేలల్లో ఇది అరుదు కాదు.

హైడ్రాలిక్ వ్యవస్థ

ఫెర్గూసన్ పద్ధతిలో తయారైన పాత ట్రాక్టర్లలో లిఫ్టు పంపు ట్రాన్స్‌మిషన్ హౌసింగ్ లోపల ఆయిలులో మునిగి, పీటీఓ షాఫ్టుతో తిరుగుతుంది. నాగలిని ఎత్తడానికి అది చక్కని ఏర్పాటు, నిరంతరాయంగా లోడరు నడపడానికి దాని ప్రవాహం తక్కువ. అందుకే మంచి లోడరుకు ఇంజను ముందు క్రాంక్ పుల్లీ నుంచి నడిచే వేరే గేరు పంపు, వేరే ఆయిలు ట్యాంకు ఉంటాయి. ఏ ఏర్పాటు ఉందో మొదట చూడాలి.

పంపు స్థితిని గడియారంతో కొలవవచ్చు. సిలిండరు లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లు అయితే వైశాల్యం 33.2 చదరపు సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల ప్రయాణానికి ఒక్కో సిలిండరుకు 2 లీటర్లు, రెండింటికి 4 లీటర్ల ఆయిలు కావాలి. పంపు నిమిషానికి 20 లీటర్లు ఇస్తే చేతులు 12 సెకన్లలో పూర్తిగా లేవాలి. 20 సెకన్లు పడితే ఆయిలు 12 లీటర్లే చేరుతోందని అర్థం. ఈ కొలతను మూడుసార్లు తీసుకోవాలి: చల్లగా ఉన్నప్పుడు ఖాళీ బకెట్‌తో, చల్లగా ఉన్నప్పుడు నిండు బకెట్‌తో, అరగంట పని తరువాత నిండు బకెట్‌తో. ఆయిలు వేడెక్కి పలచబడ్డాక సమయం బాగా పెరిగితే పంపు అరిగింది. అమ్మేవారు ఉదయం చల్లని ట్రాక్టరుతో చూపే ఒక్క లిఫ్టు ఏమీ నిరూపించదు.

నిండు బకెట్‌ను మోకాలి ఎత్తున ఆపి, ఇంజను ఆపి, అయిదు నిమిషాల్లో ఎంత దిగిందో కొలిస్తే సిలిండరు సీళ్లు, కంట్రోలు వాల్వు కలిపి ఎంత కారుతున్నాయో తెలుస్తుంది. రెండింటిలో ఏదన్నది మెకానిక్ తేల్చాలి. లేచి ఉన్న చేతుల కింద ఎవరూ నిలబడి గొట్టం వదులు చేయరాదు. సన్నని చిల్లు నుంచి వచ్చే ఆయిలు చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. కారుతోందా అని చేతితో కాక అట్టముక్కతో చూడాలి. డ్రైవరు తల మీద రక్షణ చట్రం లేని ట్రాక్టరులో బకెట్‌ను పూర్తిగా ఎత్తి వెనక్కి వంచితే అందులోని రాయి చేతుల మీదుగా డ్రైవరు ఒడిలో పడుతుంది. విద్యార్థుల ప్రదర్శనల్లో కూడా గుండ్రని బరువులు వాడకూడదు.

ఇంజను, క్లచ్, స్టీరింగు

వీటిపై ఇప్పటికే విస్తారంగా సమాచారం ఉన్నందున కొద్దిగా చెబితే చాలు. ట్రాక్టరు చూడటానికి వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి ఉంటే మరో రోజు వెళ్లడం మేలు. నీలి పొగ ఆయిలు కాలుతోందని, వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ ఇంధనం సరిగా మండటం లేదని లేదా నీరు చేరుతోందని, భారం లేకుండానే వచ్చే నల్ల పొగ ఇంజెక్టరు లేదా గాలి వడపోత లోపమని సూచిస్తాయి. లోడరు పనిలో ప్రతి బకెట్‌కు రెండుసార్లు ముందు వెనుక గేర్లు మారతాయి కాబట్టి క్లచ్ ప్లేటు మామూలు ట్రాక్టరు కంటే త్వరగా అరుగుతుంది. ఎక్కువ గేరులో బ్రేకు నొక్కి క్లచ్ మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే క్లచ్ జారుతోంది. మామూలు స్టీరింగు ఉన్న ట్రాక్టరును నిండు బకెట్‌తో నిలిచినచోట తిప్పడం ఎంత కష్టమో కొనేవారే స్వయంగా తిప్పి చూడాలి. అనుబంధ హైడ్రాలిక్ స్టీరింగు అమర్చడానికయ్యే ఖర్చును ముందు వేసిన మరమ్మతుల పద్దులో కలుపుకోవాలి.

విడిభాగాల లభ్యత ప్రాంతాన్ని బట్టి కాక నమూనాను బట్టి ఉంటుంది. హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. అటువంటి ట్రాక్టరు చవకగా వచ్చినా క్రౌన్ పినియన్, గేర్లు ఎక్కడ దొరుకుతాయో దుకాణం పేరుతో సహా తెలిసిన తరువాతే ముందుకు పోవాలి. లోడరు తయారీదారు ఎవరో తెలియజేసే పలక లేకపోతే పిన్నులు, బుష్‌లు లేతు దుకాణంలో చేయించుకోవలసిందే. అది సాధ్యమే. అయితే మెత్తని ఇనుముతో చేసిన పిన్ను ఒక్క సీజనులోనే అరుగుతుంది.

పత్రాలు

ఛాసిస్, ఇంజను నంబర్లను ఆర్‌సీతో సరిచూడాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపై పునరుద్ధరించుకోవాలి. బ్యాంకు అప్పు నమోదై ఉంటే అప్పు తీరిన తరువాత ఫారం 35 ద్వారా దాన్ని తొలగించాలి. పేరు మార్పిడికి ఫారాలు 29, 30 అవసరం. ఆర్‌సీలోని వివరాలకు భిన్నమైన మార్పు చేసి ఉంటే సెక్షన్ 52 కింద రిజిస్టరింగ్ అధికారి అనుమతి చూడాలి. వ్యవసాయ ట్రాక్టరుగా బీమా చేసి వెంచర్లలో మట్టి పనికి పంపిస్తే ప్రమాదం జరిగినప్పుడు పరిహారంపై వివాదం వస్తుంది. ఈ ప్రాంతంలో ఆ ప్రలోభం ఎక్కువ కనుక రైతుకు ముందే చెప్పాలి.

రాష్ట్రంలోపలి అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. డబ్బు చేతులు మారి, ట్రాక్టరు కొత్త యజమాని కొట్టంలో ఉన్నా, ఆర్‌సీలో పేరున్న వ్యక్తే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యలో ఇద్దరు ముగ్గురి చేతులు మారి, ఆర్‌సీ మాత్రం మొదటి యజమాని పేరనే ఉన్న ట్రాక్టర్లు శివారు గ్రామాల్లో కనిపిస్తాయి. అటువంటి ట్రాక్టరుకు బయానా ఇచ్చే ముందు మొదటి యజమానిని కలిసి, ఫారాలపై అతని సంతకం తీసుకోవాలి.